ఆఫ్ఘన్ అమ్మాయి ఫోటోతో ఫేక్ ఐడీ: "బ్లాక్ చేసి వదిలెయ్" అనే ముందు

అడిగిన ప్రశ్న ఇది: "మా డిపార్ట్‌మెంట్‌లో కాబూల్ అమ్మాయి ఒకామె చదువుతోంది. ఆమె పేరుతో, ఫోటోతో ఎవరో ఫేస్‌బుక్‌లో ఫేక్ ప్రొఫైల్ పెట్టారు. మామూలు ఫోటోనే, అసభ్యంగా ఏమీ లేదు. బ్లాక్ చేసి వదిలెయ్ అన్నాను. రెండు రోజులుగా సరిగ్గా తిండి తినడం లేదు. అంత భయం దేనికి? నేను ఏం చేయగలను?"

బ్లాక్ చేస్తే ఆ ప్రొఫైల్ ఆమె ఒక్కదానికే కనబడకుండా పోతుంది. కాబూల్లో ఉన్న బాబాయిలకూ వాళ్ల కొడుకులకూ కనబడుతూనే ఉంటుంది. పైగా బ్లాక్ చేశాక ఆమె ఫోన్లోంచి ఆ ప్రొఫైల్ లింకు తీయడం కుదరదు, సాక్ష్యం చేజారినట్టే. ఇప్పటికే చేసి ఉంటే ఆమెకు బాగా నమ్మకమున్న స్నేహితురాలి ఫోన్లోంచి లింకు తీయించండి.

ఇక "మామూలు ఫోటోనే" అన్న మాట. ఆఫ్ఘనిస్తాన్‌లో చాలా కుటుంబాల్లో ఆడవాళ్ల పేరు బయట పలకడమే మర్యాద కాదు. పెళ్లి కార్డు మీద వధువు పేరు ఉండదు, చాలా సమాధి రాళ్ల మీదా ఉండదు. 2017లో హెరాత్‌లో కొందరు యువతులు "నా పేరేది?" అని సోషల్ మీడియాలో ఉద్యమమే మొదలుపెట్టాల్సి వచ్చింది. గుర్తింపు పత్రంలో తల్లి పేరు చేర్చేలా చట్టం మారింది 2020 సెప్టెంబరులో. ఏడాది తిరక్కుండానే తాలిబాన్ కాబూల్లోకి వచ్చింది. 2022 డిసెంబరులో ఆడపిల్లలకు యూనివర్సిటీలు మూసేశారు. 2024 ఆగస్టులో తెచ్చిన నైతిక చట్టం ప్రాణమున్నవాటి బొమ్మలు ప్రచురించడాన్నే నిషేధించింది. అలాంటి చోట ఆడపిల్ల ముఖం, పేరు, ఫోన్ నంబరు మూడూ ఒకే పేజీలో కనబడితే చాలు, అసభ్యత అక్కర్లేదు. పరువును దరీ భాషలో, అంటే ఆఫ్ఘన్లు మాట్లాడే ఫార్సీలో, 'ఆబ్రూ' అంటారు, అంటే ముఖాన ఉండే నీరు. ఆమె భయమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ ఫేక్ ఐడీలు నడిచే తీరు దాదాపు ఒకటే. క్లాసు వాట్సాప్ గ్రూపులోని డీపీ ఒకటి, ఏదో ఫంక్షన్ గ్రూప్ ఫోటోలోంచి కత్తిరించిన ముఖం ఒకటి, రెండు ఫోటోలు చాలు. పేరులో ఒక్క అక్షరం మారుస్తారు. అహ్మదీ అన్న పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాయొచ్చు, కాబట్టి చూసేవాళ్లకు అనుమానం రాదు. రాత్రి పదికి ఖాతా తెరుస్తారు. మనకూ కాబూల్‌కూ గంటే తేడా, అక్కడ తొమ్మిది, అందరూ ఫోన్లు పట్టుకుని ఉండే వేళ. మొదటి అరగంటలో అసలు ఖాతా ఫ్రెండ్స్ లిస్టు తెరిచి అదే ఇంటిపేరున్న మగవాళ్లకు రిక్వెస్టులు పంపుతారు. వాళ్లు "మన పిల్లే" అనుకుని ఒప్పుకుంటారు. రెండో రోజు కవర్ ఫోటో కింద దరీలో ఒక వాక్యం, దాని పక్కన ఆమె నంబరు పెడతారు. అక్కణ్నుంచి తెలియని నంబర్ల వీడియో కాల్స్ మొదలవుతాయి. మూడో రోజు డబ్బో, ఇంకో ఫోటోనో అడుగుతారు.

మొత్తంలో కీలకం ఫ్రెండ్స్ లిస్టు. ఫేస్‌బుక్‌కూ ఈ సంగతి తెలుసు. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయిన వారంలోనే ఆఫ్ఘనిస్తాన్ ఖాతాలకు ఒక్క నొక్కుతో ప్రొఫైల్ లాక్ అయ్యే వీలు ఇచ్చి, ఫ్రెండ్స్ లిస్టు చూడ్డం, వెతకడం తాత్కాలికంగా ఆపేశారు. మన దేశంలో ఆ లాక్ 2020 మే నుంచే ఉంది. హైదరాబాద్ వచ్చి ఇక్కడి నంబరుతో కొత్త ఖాతా తెరిచిన పిల్లలు దాన్ని వేసుకోరు, ఫ్రెండ్స్ లిస్టు అందరికీ కనిపించేలా వదిలేస్తారు. ముందు ఆ లిస్టును 'నాకు మాత్రమే' అని మార్పించండి.

తర్వాత సాక్ష్యం. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, పేరూ ఫోటో నిమిషంలో మార్చేస్తారు. ప్రొఫైల్లో మూడు చుక్కలు నొక్కి లింకు కాపీ చేయాలి. లింకులో అంకెల ఐడీ ఉంటే ఇంకా మంచిది, పేరు మారినా అది మారదు. పోస్టులకు, కామెంట్లకు విడివిడిగా లింకులు తీయండి. తేదీ, టైము కనబడేలా మొత్తం ప్రొఫైల్ మీద ఒక స్క్రీన్ రికార్డింగ్ చేయండి. వాట్సాప్‌లో బెదిరింపులు వస్తే 'ఎక్స్‌పోర్ట్ చాట్' చేయించండి, పంపినవాడి నంబరు దేశం కోడ్‌తో సహా రాసి పెట్టండి. ఆఫ్ఘనిస్తాన్ కోడ్ 93. ఇవన్నీ రెండు చోట్ల ఉండాలి. నగ్న చిత్రాలైతే మాత్రం సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. బాధితురాలికి 18 నిండకపోతే అలా దాచుకోవడం, పంపడం కూడా నేరమవుతుంది.

ఆ తర్వాతే రిపోర్టు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. 'వేధింపు' అన్న ఆప్షన్ నొక్కుతారు, రెండు రోజులకు "మా నిబంధనలకు విరుద్ధంగా లేదు" అని జవాబు వస్తుంది. చూసే మనిషికో యంత్రానికో అక్కడ కనబడేది తలకు స్కార్ఫు చుట్టుకున్న ఒక ముఖం, అర్థంకాని లిపిలో ఒక వాక్యం. అందులో వేధింపు ఎలా కనబడుతుంది? 'వేరొకరిలా నటిస్తున్నారు' అన్న ఆప్షనే నొక్కాలి. ఆమె తన ఖాతా నుంచి 'నేనే' అని, ముగ్గురు నలుగురు స్నేహితులు 'నా ఫ్రెండ్' అని ఎంచుకుని అసలు ప్రొఫైల్‌ను చూపించాలి. రెండొందల మంది చేత రిపోర్టు కొట్టిస్తే త్వరగా పోతుందన్నది అపోహ. సరైన ఆప్షన్‌తో నాలుగు చాలు.

భయంతో ఆమె తన అసలు ఖాతా డిలీట్ చేసేస్తానంటుంది, అందరూ అంటారు. చేయనివ్వకండి. అసలు ఖాతా లేకపోతే నకిలీని దేనితో పోల్చి చూస్తారు? నకిలీయే అసలై కూర్చుంటుంది.

ఫేస్‌బుక్ గుర్తింపు కార్డు అడిగితే ఇంకో చిక్కు. వాళ్ల తజ్కిరాలో, అంటే మన ఆధార్ లాంటి పత్రంలో, పేరు, తండ్రి పేరు, తాత పేరు ఉంటాయి, ఇంటిపేరు చాలామందికి ఉండదు. పాత కాగితపు తజ్కిరాలో పుట్టిన తేదీ బదులు "ఫలానా ఏడు నాటికి ఇన్నేళ్లు" అని రాసి ఉంటుంది. అందుకే ఎంతోమంది ఆఫ్ఘన్ల పాస్‌పోర్టులో పుట్టినరోజు జనవరి 1. వాళ్ల ఏడాది మార్చి 21 ప్రాంతంలో మొదలవుతుంది. వాళ్ల ఏడును మన ఏడుగా మార్చాలంటే ఆ రోజు నుంచి డిసెంబరు ఆఖరు దాకా 621 కలపాలి, జనవరి నుంచి మార్చి 20 దాకా 622. నెలల పేర్లు మన రాశులే: హమల్ అంటే మేషం, అసద్ అంటే సింహం. కాబూల్ పడిపోయిన 2021 ఆగస్టు 15 వాళ్ల లెక్కలో 1400 అసద్ 24. ఇదంతా ఎందుకంటే, ప్రొఫైల్లో ఒక తేదీ, కార్డులో మరొకటి ఉంటే దరఖాస్తు తిరిగొస్తుంది. తజ్కిరా పంపకండి, పాస్‌పోర్టు పంపండి. పంపే ముందు ఆమె అసలు ప్రొఫైల్లో పేరు, తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే సరిచేయించండి.

ఇక్కడ కోపం ఆపుకోవడం కష్టం. 2021 అక్టోబరులో బయటపడ్డ ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లో, ఆఫ్ఘనిస్తాన్‌లో వచ్చే ద్వేషపూరిత పోస్టుల్లో తాము చర్య తీసుకున్నవి సుమారు 0.23 శాతమని వాళ్లే లెక్క వేసుకున్నారు. వెయ్యి పోస్టులకు రెండు. దరీ, పష్తో మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు, ఆ రెండు భాషలు బాగా చదివే మనుషుల్ని పెట్టుకోవడం అంత పెద్ద కంపెనీకి బరువా?

మన దేశంలో ఉన్నందుకు ఆమెకు ఒక ఆయుధం అదనంగా ఉంది. 2021 ఐటీ నిబంధనల్లో 3(2)(బి) కింద నకిలీ రూపం, మార్ఫింగ్, నగ్న చిత్రాల మీద బాధితురాలో ఆమె తరఫు మనిషో ఫిర్యాదు చేస్తే రెండు గంటల్లో తీసేయాలి (2026 ఫిబ్రవరికి ముందు ఈ గడువు 24 గంటలు). యాప్‌లో రిపోర్టు కొట్టడం వేరు, ఇది వేరు. కంపెనీ వెబ్‌సైట్లో ఇండియా గ్రీవెన్స్ ఆఫీసర్ ఫారం వెతికి, ఆ నిబంధన నంబరు రాసి, లింకులన్నీ పెట్టి పంపండి. వినకపోతే కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. నగ్న చిత్రాలతో బెదిరిస్తుంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఫోటో ఆమె ఫోన్ దాటదు, దాని నుంచి తయారైన అంకెల గుర్తు మాత్రమే వెళ్తుంది. చేరిన కంపెనీలు ఆ గుర్తుతో సరిపోలిన ఫోటోను తమ వేదికల్లో ఆపుతాయి. అది 18 నిండినవాళ్లకు. చిన్నవాళ్లకు టేక్ ఇట్ డౌన్ అని వేరే సైటు. వాట్సాప్ చాట్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ చోట్ల ఈ రెండూ పనిచేయవు.

పోలీసు ఫిర్యాదు అనగానే వీసా పోతుందని, స్కాలర్‌షిప్ ఆపేస్తారని వణుకుతారు. బాధితురాలు ఫిర్యాదు చేస్తే వీసా షరతులేవీ ఉల్లంఘించినట్టు కాదు, ఈ మాట ఆమెకు గట్టిగా చెప్పండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో మహిళలు, పిల్లల విభాగంలో పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు, కానీ అప్పుడు కేసు ఏమైందో చూసుకోలేరు. పేరుతో ఇచ్చి ఇక్కడి నంబరుకు ఓటీపీ తెప్పించుకోవడమే మేలు. 1930 హెల్ప్‌లైన్ ప్రధానంగా డబ్బు మోసాలకు. స్టేషన్‌కు వెళ్తే పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పని లేని ఎఫ్ఐఆర్, రాయాలి. చేసినవాడు కాబూల్లోనో జర్మనీలోనో ఉంటే పట్టుకుంటారని ఆశ పెట్టకండి. ఆ కాగితం రేపు ఇంట్లోవాళ్లకు "ఇది నా ఖాతా కాదు, నేనే కేసు పెట్టాను" అని చూపించడానికి పనికొస్తుంది. 'ఫిర్యాదు' ఫార్సీ నుంచి వచ్చిన మాటే. వాళ్ల భాషలో దానికి అరుపు, ఆక్రందన అని అర్థం.

దరీ వాక్యాలను పోలీసులకు అనువాదం చేయించేటప్పుడు జాగ్రత్త. తోటి ఆఫ్ఘన్ విద్యార్థిని అడగడమే సులువుగా తోస్తుంది. కానీ ఆ డీపీ దొరికిందే విద్యార్థుల గ్రూపులో. ఆ గ్రూపుల్లో పష్తూన్, తాజిక్, హజారా, ఉజ్బెక్ జాతుల తగాదాలు ఎప్పుడూ రగులుతుంటాయి. యూనివర్సిటీని పష్తోలో 'పోహన్‌తూన్' అంటారు, ఫార్సీలో 'దానిష్‌గాహ్' అంటారు. 2008లో బల్ఖ్ ప్రాంతంలో ప్రభుత్వ టీవీ విలేకరికి ఈ రెండో మాట వాడినందుకు జరిమానా వేశారు. గ్రూపులో ఎవరో ఆ మాట రాస్తే రాత్రికి తిట్లు, తెల్లారేసరికి ఒకరి ఫోటో మీద బూతు స్టిక్కర్. మగపిల్లలకూ ఇదే గతి. గడ్డం లేని ఫోటో, అమ్మాయిల పక్కన నిలబడ్డ ఫోటో ఊరికి పంపుతామని బెదిరిస్తారు, వాళ్లు నోరు విప్పరు. అనువాదానికి ఉస్మానియాలోనో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలోనో ఫార్సీ విభాగంలో అధ్యాపకుల్ని అడగండి. దరీ ఫార్సీయే, చదివేస్తారు.

ఇంట్లో చెప్పడం ఆమె నిర్ణయం. చెప్పదలిస్తే ఆ నకిలీ ఐడీ ఇంటికి చేరేలోపే, మెత్తటి మనిషి ఒక్కరికి, చిన్న వాయిస్ నోట్‌లో చెప్పాలి. చాలాసార్లు ఆ మనిషి మేనమామ. వాళ్లూ 'మామా' అనే పిలుస్తారు. మీరు మగవారైతే పొరపాటున కూడా వాళ్లింటికి ఫోన్ చేయకండి, మంచి చేయబోతే ఇంకో అపవాదు పుడుతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు మన దగ్గర మంచితనంగా చెలామణి అవుతోంది: "ఇది ఫేక్ ఐడీ, అందరూ షేర్ చేయండి" అని ఆ అమ్మాయి ఫోటోతో సహా పోస్టు పెట్టడం. నకిలీ ప్రొఫైల్ యాభై మంది చూసి ఉంటారు, మీ హెచ్చరిక ఐదొందల మంది చూస్తారు. దయచేసి అలా చేయకండి, చేసినవాళ్ల చేత తీయించండి. బెదిరించేవాడితో వాదన వద్దు, డబ్బు అసలు వద్దు. ఒకసారి ఇస్తే వారానికోసారి అడుగుతాడు.

ఆమె పాత ఆఫ్ఘన్ సిమ్ బహుశా అన్న పేరు మీదో నాన్న పేరు మీదో ఉంటుంది. వాట్సాప్ ఇంకా దాని మీదే ఉంటే, ఆ నంబరు వేరేవాళ్లకు పోకముందే 'ఛేంజ్ నంబర్'తో ఇక్కడి నంబరుకు మార్పించండి. ఆరంకెల పిన్ పెట్టించండి, లింక్డ్ డివైసెస్‌లో తెలియని ల్యాప్‌టాప్ ఉందేమో చూడండి. ప్రొఫైల్ ఫోటో, గ్రూపుల్లో చేర్చే వీలు 'కాంటాక్టులకు మాత్రమే' చేయించండి.

ఇలాంటిదే ఆఫ్ఘనిస్తాన్ లోపల ఉన్న ఆమె చెల్లెలికో స్నేహితురాలికో జరిగితే అక్కడి అధికారుల దగ్గరికి వెళ్లమనకండి. విచారణ ఆ పిల్ల మీదే మొదలవుతుంది. లింకులు, రికార్డింగులు బయటి దేశంలో ఉన్న ఒకరి దగ్గర ఉండాలి. 2025 సెప్టెంబరు చివర రెండు రోజులు దేశమంతా ఇంటర్నెట్ పోయినప్పుడు లోపలున్నవాళ్లు రిపోర్టు చేయడానికి కూడా దారి లేకపోయింది.

తిండి మానేసిందన్నారు. ఒంటరిగా గదిలో వదలకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, ఆమెకు హిందీయో ఉర్దూయో వస్తే నేరుగా మాట్లాడొచ్చు. ఖాతా పోయాక నెల రోజులు వారానికోసారి ఆమె పేరును ఇంగ్లీషులో అన్ని స్పెల్లింగుల్లో, దరీ లిపిలో వెతకండి. ఆ లిపిలో 'య' అక్షరానికి అరబీ రూపం వేరు, ఫార్సీ రూపం వేరు, పష్తోలో అయితే ఐదు. కొత్త ఖాతా సాధారణంగా వాటిలోనే ఏదో ఒకదానితో తేలుతుంది.