అమెరికాలో బానిసల వారసులకు పరిహారం చట్టం దాకా వచ్చిందా? అసలు ఎవరికి ఇస్తారు?

"బానిసత్వం పోయి నూట అరవై ఏళ్లయింది, ఇప్పుడు ఎవరు ఎవరికి ఇవ్వాలి?" అని అడిగారు. కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో నేనూ ఇదే అనేవాణ్ణి. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ వల్ల ఆ మాట మానేశాను.

ఆవిడ నల్లజాతి మనిషి, మా అమ్మ వయసు. తన వంశవృక్షం తయారు చేసుకుంటూ, ఎక్సెల్ కాస్త చూసిపెట్టమన్నారు. ఒక శనివారం కూర్చున్నాం. 1870 జనాభా లెక్కల దాకా బాగానే దొరికింది: ముత్తాత పేరు, వయసు 22, కూలి పని, మిసిసిపీ. అంతకు ముందు ఏమీ లేదు. 1860 నాటి బానిసల పట్టిక తెరిచాం. పైన యజమాని పేరు. కింద వరసగా 34, ఆడ, నలుపు. 12, మగ, నలుపు. 1, ఆడ, నలుపు. ఒక్కరికీ పేరు లేదు. మా ఊళ్లో ఎద్దుకైనా పేరుండేది. ఆవిడ ఆ 12 మీద వేలు పెట్టి, "మావాడు ఇతనే అయ్యుండాలి" అన్నారు. అయ్యుండాలి, అంతే. రుజువు లేదు.

ఇప్పుడు చట్టాల సంగతి. కేంద్ర స్థాయిలో హెచ్‌.ఆర్‌. 40 అని పిలిచే బిల్లును జాన్ కోనియర్స్ అనే కాంగ్రెస్ సభ్యుడు మొదట 1989లో పెట్టారు. అది డబ్బులిచ్చే బిల్లు కూడా కాదు, అధ్యయనానికి కమిషన్ వేయమంటుంది. 2021లో ప్రతినిధుల సభ న్యాయ కమిటీ 25-17 ఓట్లతో ఆమోదించింది. సభలో ఓటింగుకు మాత్రం ఇప్పటికీ రాలేదు.

కాలిఫోర్నియా కాస్త ముందుకెళ్లింది. 2020లో చట్టం చేసి తొమ్మిదిమందితో టాస్క్‌ఫోర్స్ వేశారు. నల్లజాతివారందరికీ ఇవ్వాలా, బానిసల వారసులకే ఇవ్వాలా అన్న దగ్గర పెద్ద గొడవ. 2022లో 5-4 ఓట్లతో వంశం ప్రకారమే అని తేల్చారు. అంటే మా ఆఫీసు ఆవిడగారి ఆ ఎక్సెల్ షీటే దరఖాస్తు అన్నమాట! 2024లో, జాతి వివక్షతో లాక్కున్న భూములకు పరిహారమిచ్చే బిల్లు గవర్నర్ దగ్గరికి వెళ్తే, అమలు చేయాల్సిన సంస్థే లేదని వీటో చేశారు. నిజమే, ఆ సంస్థను పెట్టే బిల్లు అంతకుముందే సభలో ఆగిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2025 అక్టోబరులో ఆ సంస్థకు చట్టం వచ్చింది. వంశాల పరిశీలన దాని పనుల్లో ఒకటి. డబ్బు పంపిణీ ఊసు ఇంకా లేదు.

కాగితం ఉన్నచోట పని జరుగుతుంది. కాలిఫోర్నియాలోనే మన్‌హాటన్ బీచ్‌లో బ్రూస్ అనే నల్లజాతి దంపతులు 1912లో కొన్న స్థలాన్ని 1924లో పార్కు పేరు చెప్పి నగరం తీసుకుంది. కొన్న దస్తావేజులు ఉన్నాయి కాబట్టి 2021లో ప్రత్యేక చట్టం చేసి, మరుసటి ఏడు వారసులకు తిరిగిచ్చారు. వాళ్లు దాన్ని 2 కోట్ల డాలర్లకు, తిరిగిచ్చిన కౌంటీకే (మన జిల్లా లాంటిది) అమ్మేశారు. అది భూమి కేసు. మనుషులకు దస్తావేజు ఎక్కడ తేవాలి?

నిజానికి పరిహారం ఒకసారి ఇచ్చారు, యజమానులకు. 1862లో వాషింగ్టన్‌లో బానిసలను విడిపించినప్పుడు సగటున మనిషికి 300 డాలర్లు మించకుండా ఇస్తామన్నారు. ఖరీదు కట్టడానికి బాల్టిమోర్ నుంచి బానిసల వ్యాపారినే రప్పించారు. ఆ దరఖాస్తుల్లో మాత్రం ప్రతి మనిషి పేరూ ఉంది. డబ్బు చేతికి రావాలంటే రాయాలి మరి.

ఆవిడ రిటైరయ్యారు. ఇప్పుడు మిసిసిపీ కోర్టులకు ఉత్తరాలు రాస్తున్నారు, ఆ యజమాని వీలునామా కోసం. వీలునామాల్లో ఒక్కోసారి బానిసల పేర్లు ఉంటాయట. ఎవరిని ఏ కొడుక్కి రాశాడో చెప్పాలి కదా.