పక్కింట్ల తుపాకీ ఉందట, పిల్లగాన్ని పంపాల్నా?

మిర్యాలగూడ నుంచి డాలస్‌ల దిగి నాలుగు నెలలైన చెల్లె అడిగింది: "అన్నా, మావోని దోస్తు పుట్టినరోజుకు రాత్రి వాళ్ళింట్లనే పండుకోమంటున్నరు. వాళ్ళకు తుపాకులున్నయట. పంపాల్నా, వద్దా?"

ముందుగాల అడుగు చెల్లె. "తుపాకీ తాళమేసి ఉంటదా, గుండ్లు వేరే ఉంటయా?" అని. కుక్క కరుస్తదా అని అడిగినంత మామూలుగ అడుగు. ఇక్కడ ఎక్కువమంది తప్పువట్టరు. నసిగిన్రా, ఆ పిల్లల్నే మీ ఇంటికి పిలిచి సర్వపిండి పెట్టు.

కొత్తల నేను మొహమాటానికి అడగలే. మావోనికి అప్పుడు ఎనిమిదేండ్లు. సాయంత్రం తోలుకరాను పోతే, దోస్తు వాళ్ళ నాయిన కాఫీ ఇస్తనని ఫ్రిజ్ మీది అల్మారా తెరిచిండు. కప్పుల వెనుక పిస్తోలు. కుర్చీ ఎక్కితే అందేంత ఎత్తుల. నా మొఖం చూసి "లోడు చేసే ఉంటది, దొంగలొస్తే పనికొస్తది" అని నవ్విండు. మంచి మనిషే. కారెక్కినంక మావోడు మెల్లగ అన్నడు: "డాడీ, అది నిజందే. మాకు తెల్సు."

టెక్సస్‌ల చట్టం లేదని కాదు. లోడు చేసిన తుపాకీ 17 ఏండ్లు నిండని పిల్లల చేతికి దొరికేటట్టు పెడితే నేరమే. కని జరిమానా 500 డాలర్ల దాక, గంతే. ఆ పిల్లలు కాల్చి ఎవరన్న సచ్చినా, పెద్ద దెబ్బ తగిలినా అప్పుడు ఏడాది దాక జైలు. పీనుగ లేచినంకనే అసలు శిక్ష.

మిషిగన్‌ల 2021 నవంబరు 30న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ల 15 ఏండ్ల పిలగాడు నలుగురు తోటి పిల్లల్ని చంపిండు. తుపాకీ నాలుగు దినాల ముందు నాయిన కొన్నదే. ఆ పొద్దున్నే బడోళ్ళు తల్లిదండ్రుల్ని పిలిచి వాడు గీసిన తుపాకీ బొమ్మ చూపిచ్చిన్రు. వీళ్ళు వాన్ని ఇంటికి తోలుకపోలే, బడోళ్ళు తుపాకీ ఉన్న వాని సంచి తెరిచి చూడలే. పిలగానికి యావజ్జీవం, 2024ల తల్లిదండ్రులకు పది నుంచి పదిహేనేండ్లు. శిక్ష ఎక్కువైందని నేననను. సంచి తెరిచేటందుకు మాత్రం ఏ జడ్జీ అక్కర లేకుండె.

మనకాడ బండి తాళం సంగతి చూడు. మైనరు పోరనికి బండిస్తే మోటారు వాహనాల చట్టం 2019 సవరణల తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల దాక జైలని రాసిన్రు. సాగర్ రోడ్డు మీద ముగ్గురెక్కి ఉరికేటోళ్ళు తక్కువైన్రా? మా అక్క తాళంచెవి గోడ మేకుకు తగిలిచ్చుడు మాని బియ్యం డబ్బల దాచినంక మా అల్లుడు మళ్ళ సైకిలెక్కిండు.

మీ ఆయన కూడ ఒక తుపాకీ కొందామంటున్నడని రాసినవు. హెచ్‌1బీ కొలువు వీసా మీదున్నోళ్ళు తుపాకీ పెట్టుకునుడు ఫెడరల్ (దేశమంతటి) చట్టం కింద మామూలుగ నేరం. వేట లైసెన్సుంటే మినహాయింపని దోస్తులు చెప్తరు, నిజమే. కోడిని కోయాల్నంటే గోడవతలికి పోయే మనిషికి వేటెందుకు?

ఇంకోటి. మనింట్ల "సంపుతా బిడ్డా" అన్నది ముద్దు మాట. అదే మాట మీవోడు బడిల ఇంగ్లీషుల అన్నడనుకో, సస్పెన్షను, పోలీసుల దాక పోతది. అమ్మమ్మ పంపిన దీపావళి రీళ్ళ తుపాకీ ఉన్నదన్నవు కదా. రీళ్ళు విమానంల ఎట్లా రానియ్యరు, ఉత్త తుపాకీయే. ఇంట్ల ఆడుకోనియ్యి. పొద్దున బస్సెక్కే ముందు బడి సంచి మాత్రం ఒకసారి తెరిచి చూడు.