సిజేరియన్ కుట్టు దగ్గర లాగుడు, మంట: నూనె ఒక్కటే చాలదు

ఆపరేషన్ అయి నాలుగు నెలలు, నిటారుగా నిలబడితే కుట్టు లోపలికి లాగుతోంది, లంగా నాడా తగిలితే మంట, కుట్టు పైభాగం మాత్రం మొద్దుబారింది, రోజూ కొబ్బరినూనె రాస్తున్నా తేడా లేదు అని ఒకరు అన్నారు.

నూనెతో పైచర్మం మెత్తబడుతుంది, అంతే. లాగేది ఎక్కువగా కింద అతుక్కున్న పొరలు. పైకి కనిపించేది ఒక్క గీతే గానీ కోత చర్మం, కొవ్వు, కండరాన్ని కప్పే గట్టి పొర, పొట్ట లోపలి పొర, గర్భసంచి దాకా వెళ్తుంది. కండరాన్ని మామూలుగా కోయరు, పక్కలకు జరుపుతారు. మానేటప్పుడు పక్కపక్కనున్న పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, అప్పటిదాకా ఒకదాని మీద ఒకటి జారేవి ఇప్పుడు జారవు. మొద్దుబారడం వేరే సంగతి. కోతలో చర్మానికి వెళ్లే సన్నని నరాలు తెగుతాయి. అవి కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి కొంత మేర స్పర్శ తిరిగి రాదు కూడా. మధ్యలో చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటే కంగారు పడక్కర్లేదు.

ముందు ఎక్కడ అతుక్కుందో చూసుకోండి. మూత్రానికి వెళ్లొచ్చి, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. రెండు వేళ్లు కుట్టు పక్కన ఆనించి చర్మాన్ని పైకి, కిందికి, కుడికి, ఎడమకి జరపండి. వేళ్లు చర్మం మీద జారకూడదు, చర్మమే వేళ్లతో పాటు కదలాలి. అందుకే ఈ పని పొడిచేత్తో చేయాలి, నూనె చివర్లో. కుట్టు పొడవునా అంగుళం అంగుళం ఇలా చూస్తే ఒకచోట సులువుగా జరుగుతుంది, ఒకచోట మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. రెండు కొసల దగ్గర, గుంట పడినచోట బిగువు ఎక్కువగా కనిపిస్తుంది.

నాడా తగిలితేనే మంట ఉన్నప్పుడు నేరుగా మర్దనాకు దిగొద్దు. ముందు వారం పది రోజులు స్పర్శ అలవాటు చేయండి. దూదితో మొదలుపెట్టి, అది ఇబ్బంది లేకపోతే పాత నూలుచీర ముక్క, ఆ తర్వాత గరుకు తువ్వాలు. ఒక్కోసారి రెండు నిమిషాలు, రోజుకు రెండుమూడు సార్లు. అదే గుడ్డతో ముందు తొడ మీద రాసి, తర్వాత కుట్టు మీద రాయండి.

తర్వాత మర్దనా. మొదటి కొన్ని రోజులు బొడ్డు నుంచి కుట్టుకు కాస్త ఎగువదాకా, కుట్టుకు దిగువన మాత్రమే, కుట్టు మీద వద్దు. ఆ తర్వాత కుట్టు మీదే: ఏ వైపు కదలట్లేదో ఆ వైపు చర్మాన్ని జరిపి, బిగువు తగిలిన చోట ఆగి, అర నిమిషం నుంచి నిమిషం పట్టి ఉంచండి. వేలి కింద మెల్లగా సడలినట్టు తెలుస్తుంది. చివర్లో బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మాన్ని మడతలా ఎత్తి కుట్టు వెంబడి దొర్లించండి. మొత్తం 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు ఒకసారి. నొప్పి పదికి మూడు నాలుగు దాటితే ఒత్తిడి తగ్గించండి. మర్నాడు కూడా సలుపుతుంటే ఒకరోజు మానేయండి. ఎక్కువ రుద్దితే త్వరగా తగ్గుతుందనుకోవడం పొరపాటు, ఒరిపిడికి మచ్చ ఇంకా ఎర్రబడి చిరాకు పెడుతుంది.

ఇదంతా కనీసం ఆరు వారాలు దాటి, పుండు పూర్తిగా మూసుకుని, పెచ్చు ఊడి, డాక్టరు సరేనన్నాకే. బాలింత స్నానంలో పచ్చి కుట్టు మీద నలుగు, పసుపు పెట్టి రుద్దడాన్ని మొహమాటపడకుండా వద్దనండి. ఇంకో అలవాటు, కుట్టు ఊడిపోతుందేమోనని నెలల తరబడి ముందుకు వంగి నడవడం. అలా ఉంటే ముందు భాగమంతా బిగుసుకుపోతుంది. పొట్ట నిండా ఊపిరి పదిసార్లు తీసుకుని, నొప్పి లేకపోతే బోర్లా పడుకుని మోచేతుల మీద కాస్త పైకి లేవండి. ఈ కాస్త సంగతి డిశ్చార్జి రోజున చెప్పేవాళ్లు తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లేనాయె.

మచ్చ ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉంటే సిలికాన్ షీటు (మచ్చ మీద అంటించే మెత్తని పట్టీ) పనికొస్తుంది. రోజుకు 12 గంటలకు తగ్గకుండా, రెండుమూడు నెలలు. షీటును రోజూ కడగాలి. ఎండాకాలంలో షీటు కింద చెమటపొక్కులొస్తే సిలికాన్ జెల్‌కి మారండి, పలచగా రాసి పూర్తిగా ఆరనివ్వాలి. లోపలి అతుకుకి మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

నాడా ముడి కుట్టు మీద పడకుండా లంగాను నడుము పైకి కట్టుకోండి, లేదా వెడల్పు పట్టీ కుట్టించండి.

కొన్ని మర్దనాతో పోయేవి కావు. మచ్చ కోత హద్దు దాటి పెరుగుతుంటే కీలాయిడ్, చర్మ డాక్టరు దానిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. నెలసరి రోజుల్లోనే నొప్పెట్టే గడ్డ ఉంటే గర్భసంచి లోపలి పొర కణాలు కోతలో చిక్కుకుని ఉండొచ్చు, స్కానింగ్ కావాలి. దగ్గినప్పుడు ఉబ్బు బయటికొస్తే హెర్నియా (పొట్ట గోడ బలహీనపడినచోట లోపలి భాగం బయటికి తోసుకురావడం) అనుమానం. కొస దగ్గర వేలితో చూపించగలిగే ఒకే చోట కరెంటు కొట్టినట్టు మండుతుంటే నరం చిక్కుకుందేమో చూడాలి. చీము, వాసన, జ్వరం ఉంటే అదే రోజు వెళ్లండి.

రోజూ చేస్తే తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మచ్చ ఏడాది, ఏడాదిన్నర దాకా మారుతూనే ఉంటుంది కాబట్టి నాలుగో నెలలో మొదలుపెట్టడం ఆలస్యమేమీ కాదు.