"మేడం, రెండూ ఒక్క దార్లనేనా?"

ప్రశ్న: అక్కా నమస్తే. నేను నర్సంపేట దగ్గర ఒక హైస్కూల్ల బయాలజీ చెప్తా. మొన్న టెన్త్ పిల్లలకు ప్రత్యుత్పత్తి పాఠం, బోర్డు మీద గర్భసంచి బొమ్మ గీసి భాగాలు రాసుకోండ్రి అని తప్పించుకుందామనుకున్న. వెనక బెంచీల ఒక పిల్ల లేచి "మేడం, మూత్రం, ముట్టు రక్తం రెండూ ఒక్క దార్లనేనా" అని అడిగింది. నిజం చెప్తున్న అక్కా, నాకు 31 ఏండ్లు, బీఎస్సీ బీఈడీ, ఒక బాబు, అయినా ఒక్క నిమిషం నాకే డౌటొచ్చింది. బెల్లు కొట్టిన్రు, బతికిపోయిన. ఇంకోటి ఎవరికీ చెప్పలే. మా ఆయన మంచోడే, కానీ కలిసినప్పుడు నాకేం అనిపియ్యది, ఎప్పుడైపోతదా అని ఉంటది. నాలోనే ఏమన్నా లోపమా?

జవాబు: చెల్లె, ముందు ఆ పిల్లకు జవాబు చెప్దాం. ఒక్కటి కాదు, ముందు నుంచి వెనక్కి చూస్తే మూడు దార్లు. మూత్రం వచ్చే సన్న రంధ్రం, దాని కింద యోని, ముట్టు రక్తమైనా బిడ్డయినా వచ్చేది ఇందుల నుంచే, ఇంకింత వెనక మలద్వారం. నువ్వు సిగ్గుపడకు. హన్మకొండల నా దగ్గరికొచ్చే ఇద్దరు పిల్లల తల్లులు గూడ "మెన్‌స్ట్రువల్ కప్ (ముట్టు రక్తం పట్టేటందుకు యోనిల పెట్టుకునే చిన్న కప్పు) పెట్టుకుంటే ఒంటికి ఎట్ల పోవాలె మేడం" అని అడుగుతరు.

తప్పు నీది కాదు, ఆ బొమ్మది. మనం సదివిన బొమ్మల గర్భసంచి ఉంటది, అండాశయాలుంటయి, అంటే పిల్లల్ని కనే సామానంతా ఉంటది, బయట కనవడే భాగం మాత్రం ఉండదు. ఇంట్లనేమో "కింద", "అక్కడ". బూతులకైతే మనకు కొదువ లేదు, డాక్టర్‌కు చెప్పుకునేటందుకు మాత్రం మాట లేదు, "అక్కడ మంట" అంటరు, ఎక్కడమ్మా అని నేను మూడుసార్లు అడగాలె.

ఆ బొమ్మల లేనిదే నీ రెండో ప్రశ్నకు జవాబు. యోని చుట్టున్న లోపలి పెదవులు పైన కలిసే కాడ, చిన్న తోలు ముసుగు కింద గింజంత ఉంటది, క్లిటోరిస్. పుస్తకాల తెలుగుల భగశిశ్నిక అంటరు, ఆ మాట నోరు తిరిగేలోపల ఉన్న మూడ్ గూడ పోతది, క్లిటోరిస్ అనే అందాం. కడుపుల ఉన్నప్పుడు మొదట్ల ఆడ మగ ఇద్దరికీ ఒకటే మొగ్గ, మగపిల్లగానికి అది పురుషాంగం అయితది, ఆడపిల్లకు ఇది. కనవడేది కొసనే, లోపల గులేరు కట్టెను తలకిందులు పట్టుకున్నట్టు రెండు కాళ్ళు చీలి యోనికి రెండు దిక్కుల దిగుతయి, పక్కన రెండు ఉబ్బులు గూడ, మొత్తం 9 నుంచి 11 సెంటీమీటర్లు. ఇదంతా సక్కగ కొలిచి చూపెట్టింది మెల్‌బోర్న్ యూరాలజిస్ట్ హెలెన్ ఓకానెల్, అదీ 1998ల. మనిషి చంద్రుని మీద దిగినంక 29 ఏండ్లకు! ఇగ నరాల పోగులంటవా, శానేండ్లు 8 వేలు అని చెప్పుకున్నరు, అది ఆవుల మీద చేసిన లెక్కనట. 2022ల అమెరికాల మనుషుల కణజాలం తీసుకొని లెక్కపెడితే 10 వేలు దాటినయి.

అందుకే చెల్లె, శానామంది ఆడవాళ్ళకు ఒట్టి సంభోగంతోని తృప్తి రాదు, నరాలు ఎక్కువున్న కొసకు అక్కడ ఒరుపు తగలది గదా. లోపం కాదు. శరీరం తయారయ్యేటందుకు గూడ టైం కావాలె, రక్తం చేరి ఉబ్బాలె, తడి రావాలె, లైట్ బందు పెట్టి ఐదు నిమిషాల్ల అయిపోగొడితే ఏం అనిపిస్తది మరి. తలుపు గడియ పెట్టుకొని చిన్న అద్దంల ఒకసారి నిన్ను నువ్వు చూసుకో, ఏడ ముట్టుకుంటే బాగనిపిస్తదో నీకు తెలిస్తేనే ఆయనకు చెప్తవు. మంచోడంటున్నవు గదా, చెయ్యి పట్టి చూపెట్టు. తడి సాలకపోతే మెడికల్ షాపుల నీళ్ళతోని చేసిన జెల్ (లూబ్రికెంట్) దొరుకుతది, కండోమ్ వాడేటోళ్ళు కొబ్బరినూనె రాయొద్దు, రబ్బరు పాడైతది. నొప్పి ఉంటే మాత్రం ఓర్సుకోకు, లేడీ డాక్టర్‌ను కలువు, డిప్రెషన్ గోలీలు వాడుతుంటే అది గూడ చెప్పు, కొన్నిటితోని కోరిక తగ్గుతది.

ఇగ క్లాసు సంగతి. పెద్దోళ్ళ ముచ్చట పిల్లలకు వద్దు, శరీర భాగాల పేర్లు మాత్రం పూర్తిగ చెప్పు. రామప్ప గుడికి టూర్ తీస్కపోయి మదనికల్ని, అంటే ఆ ఆడవాళ్ళ శిల్పాల్ని చూడుండ్రి అంటం, ఈ పాఠం వచ్చేసరికి ఇంట్ల సదువుకోండ్రి అంటం! కన్నెపొర గురించి అడిగితే దాన్ని చూసి ఎవరి సంగతీ చెప్పలేమని చెప్పు, అత్యాచారం కేసుల్ల యోనిల వేళ్ళు పెట్టి చేసే రెండు వేళ్ళ పరీక్షకు సైన్స్ ఆధారమే లేదని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ల గట్టిగనే అన్నది. ఒక్కదానివే భయమైతే పీహెచ్‌సీ నుంచి ఏఎన్ఎంను పిలిపించుకో, హెడ్మాస్టర్‌కు ముందే చెప్పిపెట్టు. ఈసారి బొమ్మ లోపలిది ఒక్కటే కాదు, ముందు నుంచి కనవడేది గూడ గియ్యి, మూడు దార్లకు మూడు బాణాలు, పైన క్లిటోరిస్‌కు ఇంకోటి. ఆ వెనక బెంచీ పిల్లనే పిలిచి పేర్లు రాయమను.