తాగుడు మానిన రెండో రోజే ఫిట్స్ వస్తే

మీ మాట విని తాగుడు ఒక్కసారిగా మానిన రోగికి రెండో రోజే ఫిట్స్ వచ్చాయన్నారు. కారణం చాలావరకు ఆ మానేయడమే. రోజూ బాగా తాగేవారికి చివరి గుక్క తర్వాత 6 నుంచి 48 గంటల్లో ఇలా రావచ్చు. తలకు దెబ్బ, షుగర్ పడిపోవడం కాదని మాత్రం చూసుకోండి. ఇకపై తాగే రోగి వస్తే ఇవి గుర్తుంచుకోండి.

1. "తాగుతారా?" అంటే "ఎప్పుడైనా కొంచెం" అనే అంటారు. "రోజుకు ఎన్ని క్వార్టర్లు?" అని అడగండి. ఒక క్వార్టర్, అంటే 180 మి.లీ. విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: మానమని చెప్పే ముందు, చివరిసారి ఎప్పుడు తాగారో అడగాలి. పొద్దున్నే చేతులు వణికి, ఒక గుక్కతో తగ్గుతాయా? ఇదివరకు మానినప్పుడు ఫిట్స్, భ్రమలు వచ్చాయా? చాపిన వేళ్ల మీద కాగితం పెట్టి చూడండి, సన్నని వణుకూ తెలుస్తుంది. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ఇంటికి పంపకండి.

3. నీరసంగా ఉన్నాడని ముందే గ్లూకోజ్ ఎక్కించడం మనకు అలవాటు. ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇవ్వండి. షుగర్ పడిపోతే మాత్రం రెండూ వెంటనే.

4. వణుకుకు డయాజెపామ్, కాలేయం దెబ్బతింటే లోరాజెపామ్; రెండూ నరాలను శాంతపరిచే మందులే. డోసు రోజురోజుకూ తగ్గిస్తూ ఆపాలి.

5. కోలుకున్నాక ఇంట్లోవారికి తాగుడు మాన్పించడానికి సాయపడే 14446 హెల్ప్‌లైన్ నంబరు రాసివ్వండి.