మీ ప్రశ్నకు జవాబు: కుళాయి నీళ్ళకు మట్టి వాసన ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరు. కాలువ కట్టేసే ముందు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు నింపుతారు, వేసవంతా అవే నీళ్ళు. ఏటా ఏప్రిల్ వచ్చిందంటే కుళాయిలో మట్టి వాసన, పాచి వాసన, కాచినా పోదు. మా అత్తగారు ఆ నీళ్ళతో కాఫీ పెడితే ముట్టుకోరు. అడిగితే బ్లీచింగ్ వేశాం, టెస్టులో బాక్టీరియా లేదని వచ్చింది అంటున్నారు. దీనికి జీన్ టెస్టు ఉందని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా? చిన్నపిల్లలున్న ఇల్లండీ, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి. ముందు వాసన సంగతి చూద్దాం. తొలకరికి నేల తడిస్తే వచ్చే వాసన, బీట్‌రూట్ కోస్తే వచ్చే వాసన, చెరువు చేపకు పట్టే మట్టి వాసన, వీటన్నిటి వెనకా ఉన్నది జియోస్మిన్ అనే ఒకే పదార్థం. (చేపను చింతపండు పులుసులో వండితే ఆ వాసన తగ్గడానికి కారణం ఉంది, పులుపుకి జియోస్మిన్ విరిగిపోతుంది. మన అమ్మమ్మలకి ఆ పేరు తెలియకపోయినా విరుగుడు తెలుసు.) ఎండలకు కదలకుండా నిలిచిన నీళ్ళలో సయనోబాక్టీరియా, అంటే నీలాకుపచ్చ నాచు పెరుగుతుంది, అందులో కొన్ని రకాలు జియోస్మిన్‌నీ, దాదాపు అలాంటి వాసనే ఉండే ఎంఐబీ అనే ఇంకో పదార్థాన్నీ తయారుచేస్తాయి. లీటరుకు 10 నానోగ్రాములున్నా మన ముక్కు పట్టేస్తుంది, అంటే 10 కోట్ల లీటర్ల నీళ్ళలో ఒక్క గ్రాము కలిసినా చాలన్నమాట! ఆ మోతాదులో జియోస్మిన్ వల్ల హాని లేదు.

మీకిచ్చిన రిపోర్టు అబద్ధం కాకపోవచ్చు. మామూలుగా చేసే బాక్టీరియా టెస్టు మురుగు కలిసిందా లేదా అని ఈకోలై లాంటివాటిని వెతుకుతుంది, నాచు జోలికే పోదు. ఇక బ్లీచింగ్ జియోస్మిన్‌ని పెద్దగా తీయలేదు, పైగా నాచు బతికున్న ట్యాంకులో ఎక్కువగా వేస్తే కణాలు పగిలి లోపలున్న వాసనంతా నీళ్ళలోకి వచ్చేస్తుంది. మైలుతుత్తం వేసినా అంతే. పటిక వేసి ఇసుకలో వడకట్టినా నీళ్ళలో కరిగిపోయిన వాసన పోదు.

మైక్రోస్కోప్‌లో చూస్తే ఫలానా నాచు ఉందని తెలుస్తుంది కానీ, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే రెండు నాచు పోగుల్లో ఒకటి వాసన చేస్తుంది, రెండోది చేయదు. తేడా అంతా జీన్‌లో ఉంది. జియోస్మిన్‌ని తయారుచేసే జీన్‌ని జియోఏ అంటారు. కోవిడ్‌లో అందరం చేయించుకున్న పీసీఆర్ లాంటిదే ఈ టెస్టు కూడా, ట్యాంకు నీళ్ళను సన్నటి ఫిల్టర్‌లో వడకట్టి, దానిమీద మిగిలిన నాచులోంచి డీఎన్ఏ తీసి, ఆ జీన్ ఎన్ని కాపీలుందో లెక్కపెడతారు. కొన్ని గంటల పని. వారం వారం చేస్తూ ఉంటే, లెక్క పెరుగుతోందనగానే, వాసన కుళాయిదాకా రాకముందే దాన్ని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) సిద్ధం చేసుకోవచ్చు. 2020 జనవరిలో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో గ్వాండూ నది నుంచి వచ్చే కుళాయి నీళ్ళకు ఇదే వాసన వచ్చి, జనం సీసా నీళ్ళకోసం షాపుల మీద పడ్డాక గానీ అక్కడ కార్బన్ వేయడం మొదలుపెట్టలేదు.

పిల్లల గురించి అడిగారు కాబట్టి నాకు ముఖ్యమనిపించేది చెప్తాను. నాచులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని చేస్తాయి, అది లివర్‌ని దెబ్బతీస్తుంది. దాని జీన్ వేరు, వాసన జీన్ వేరు. కాబట్టి వాసనుంటే విషమున్నట్టు కాదు, వాసన లేకపోతే క్షేమమనీ కాదు. 2014 ఆగస్టులో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో ఊళ్ళో ఈ విషమే కుళాయి నీళ్ళలో తేలి, నాలుగు లక్షలమందికి పైగా జనాన్ని ఆ నీళ్ళు తాగొద్దన్నారు, కాచుకోవద్దని కూడా చెప్పారు, ఎందుకంటే మరిగిస్తే నీళ్ళు ఇగురుతాయి గానీ విషం పోదు. ఆ తర్వాత 2016లో ఒహాయో తాగునీటి పథకాలు చెరువు, నది నీళ్ళలో విషం జీన్ కోసం పీసీఆర్ చేయాలని నిబంధన పెట్టింది. అలాంటి నిబంధన మన సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులకూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: జీన్ ఉందని తేలితే చాలదా, మళ్ళీ కెమికల్ టెస్టు ఎందుకు? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: చాలదు. జీన్ ఉన్నంత మాత్రాన అది ఆ రోజు పనిచేస్తున్నట్టు కాదు, చచ్చిన నాచు డీఎన్ఏ కూడా లెక్కలోకి వస్తుంది. నీళ్ళలో జియోస్మిన్ ఎంతుందో జీసీఎంఎస్ అనే కెమికల్ టెస్టు మెషిన్ చెప్తుంది, అది ఎక్కణ్ణుంచి వస్తోందో పీసీఆర్ చెప్తుంది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా కూడా జియోస్మిన్ చేస్తుంది కదా, దాని జీన్ కొంచెం వేరుగా ఉంటుంది కాబట్టి తప్పు ట్యాంకుదా, గట్టు మట్టిదా అని విడదీయొచ్చు. గుంటూరు జిల్లా సోదరి కూడా గమనించాలి, శాంపిల్ క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళు కాదు, ట్యాంకులోంచే తీయించండి, శుభ్రమైన సీసాలో, ఐసు పెట్టి, వెలుతురు తగలకుండా, అదే రోజు ల్యాబుకి చేర్చాలి. ఈలోగా ఇంట్లో ఫిల్టర్ ఉంటే దాంట్లో కార్బన్ కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చారో చూసుకోండి, పాతబడితే అది వాసన పట్టుకోదు.