ఎన్‌సీఏఏ అడగదు సరే, కాలేజీ అడిగితే?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. టెన్నిస్ బాగా ఆడుతుంది, కాలేజీ టీమ్‌లో ఆడాలని ఆశ. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ ఇప్పుడు శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) అడగడం లేదని కోచ్ అన్నారు. శాట్ కోచింగ్ మానిపించి ఆ టైమ్ కూడా ప్రాక్టీస్‌కే ఇద్దామని నేను, వద్దని మా ఆవిడ. మధ్యాహ్నాలు ఖాళీ దొరుకుతాయని ఆన్‌లైన్ స్కూలుకి మార్చాలనీ చూస్తున్నాం. పోయిన సెమిస్టర్ ఆల్జీబ్రా 2లో సీ వచ్చింది కానీ మొత్తం జీపీఏ బాగానే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కోచ్ గారు చెప్పింది నిజమే. ఎన్‌సీఏఏ కాలేజీలను డివిజన్ 1, 2, 3 అని మూడు స్థాయిలుగా విడదీస్తుంది, పైది 1. డివిజన్ 1లో 1986 నుంచి అర్హతకు శాట్ గానీ, అలాంటిదే అయిన ఏసీటీ పరీక్ష గానీ కావాల్సి వచ్చేది. 2023 జనవరిలో డివిజన్ 1, 2 రెండింటికీ ఆ షరతు తీసేశారు. అయితే అది ఆడటానికి అర్హత. కాలేజీలో సీటు ఇచ్చేది ఎన్‌సీఏఏ కాదు, ఆ కాలేజీ. మీ రాష్ట్రంలోనే ఉన్న యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) 2025 ఫాల్ అడ్మిషన్ల నుంచి మళ్లీ స్కోరు అడుగుతోంది. ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీలూ అడుగుతాయి. కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ, బర్క్‌లీ యూనివర్సిటీలు మాత్రం ఇచ్చినా చూడవు. కాబట్టి అమ్మాయి ఏయే కాలేజీలు అనుకుంటోందో రాసుకోకుండా శాట్ మానేయడం తొందరపాటే. ఇందులో నా ఓటు మీ ఆవిడకే.

నిజానికి నాకు శాట్ కంటే ఆ ఆల్జీబ్రా సీ గురించే ఎక్కువ టెన్షన్. మీరు చూస్తున్న జీపీఏ, ఎన్‌సీఏఏ చూసే జీపీఏ ఒకటి కాదు. వాళ్లు 16 కోర్ కోర్సులే లెక్కేస్తారు: ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్, ఫారిన్ లాంగ్వేజ్ లాంటివి. పీఈలో, హెల్త్‌లో వచ్చిన ఏలు అక్కడ పనికిరావు. డివిజన్ 1కి ఈ కోర్ జీపీఏ 2.3 ఉండాలి, డివిజన్ 2కి 2.2. పైగా డివిజన్ 1కి ఆ 16లో పది కోర్సులు ట్వెల్త్ గ్రేడ్ మొదలయ్యేలోపే పూర్తి కావాలి. ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌లవే అయి ఉండాలి. ట్వెల్త్ మొదలయ్యాక ఆ పదింటి గ్రేడ్లు ఇక మారవు, మళ్లీ రాసి పెంచుకుందామన్నా కుదరదు. సీకి 2, బీకి 3 పాయింట్లు కాబట్టి, పదింట్లో ఏడు సీలు, మూడు బీలు వస్తే సరిగ్గా 2.3. ఒక్క సీతో కొంప మునగదు గానీ, ఆల్జీబ్రా సరిచేసుకోవాలంటే ఈ వేసవో, వచ్చే వేసవో. ఆ తర్వాత దారి లేదు.

మన దగ్గర స్పోర్ట్స్ కోటా చూసి పెరిగినవాళ్లం కదా, మంచి సర్టిఫికెట్ ఉంటే మిగతాది నడుస్తుందనే నమ్మకం తొందరగా పోదు. ఇక్కడ టెన్త్ అయిపోయిన జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు పిల్లలకు నేరుగా మెయిల్ చేయొచ్చు. మ్యాచ్ వీడియోతో పాటు వాళ్లు అడిగేది ట్రాన్‌స్క్రిప్టే, అంటే స్కూలు ఇచ్చే గ్రేడ్ల పట్టికే. 2.3 అనేది కనీస గీత. బలమైన కాలేజీ కోచ్ దానికి చాలా పైన ఉన్న అమ్మాయి కోసమే చూస్తారు.

ఆన్‌లైన్ స్కూలు సంగతి. ఫీజు కట్టేముందు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ వెబ్‌సైట్‌లో ఆ స్కూలు కోడ్ కొట్టి, ఆమోదించిన కోర్సుల జాబితా తెరవండి. మీ అమ్మాయి తీసుకోబోయే ప్రతి కోర్సు పేరూ అందులో ఉండాలి. స్కూలుకి గుర్తింపు ఉందని సేల్స్ వాళ్లు చెప్పేది వేరు, ఆ జాబితాలో ఉండటం వేరు. టీచర్‌తో మాట్లాడే వీలు లేకుండా పిల్లలే క్లిక్ చేసుకుంటూ పోయే కోర్సుల్ని ఎన్‌సీఏఏ ఒప్పుకోదు. అనుమానం ఉంటే ఉన్న స్కూల్లోనే ఉంచండి.

స్కాలర్‌షిప్ విషయంలో ఒక మాట. ఐవీ లీగ్‌లో (హార్వర్డ్, యేల్ లాంటి పేరున్న యూనివర్సిటీలు), డివిజన్ 3లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు. డివిజన్ 2లో ఇచ్చినా చాలామందికి కొంత భాగమే. మిగతా ఫీజు మెరిట్ స్కాలర్‌షిప్‌తో పూడ్చుకోవాలి, చాలా చోట్ల అక్కడ మంచి శాట్ స్కోరు డబ్బు మిగులుస్తుంది.

ఇప్పుడే వేలు పోసి కోచింగ్ అక్కర్లేదు. కాలేజ్ బోర్డ్ వాళ్ల బ్లూబుక్ యాప్‌లో ఉచిత ప్రాక్టీస్ టెస్టులున్నాయి. టోర్నమెంట్ లేని వారాంతం ఒకటి రాయించి, ఎక్కడుందో చూడండి. లెవెన్త్‌లో మార్చి పరీక్ష రాస్తే, కావాలంటే ఆగస్టులో ఇంకోసారి రాసుకోవచ్చు. ఈలోగా ట్యూషన్ డబ్బు ఆల్జీబ్రాకి పెట్టండి.